మట్టిలోని విషం ఒంట్లోకి ఎంత చేరుతుంది? కలుషిత నేలలు, క్యాన్సర్ ముప్పు వెనుక లెక్కలు

క్లుప్తంగా: మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం లాంటివి ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో చెప్పే ల్యాబ్ రిపోర్టుతో క్యాన్సర్ ముప్పు తేలదు. ఆ పదార్థం ఏ రూపంలో ఉంది, ఏ దారిలో ఒంట్లోకి చేరుతోంది, ఎంత జీర్ణమవుతోంది అన్నవి తెలియాలి. చిన్న ఊళ్లలో క్యాన్సర్ కేసులు లెక్కపెట్టి ముప్పు ఉందో లేదో తేల్చడం దాదాపు అసాధ్యం కాబట్టి శాస్త్రవేత్తలు మోతాదు లెక్కల మీద ఆధారపడతారు. ఇక శుద్ధి విషయానికొస్తే, ఒక లోహానికి పనిచేసే మందు మరో లోహాన్ని కదిలించి వదిలేయగలదు.

కలుషిత ప్రదేశాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. గాలికీ నీటికీ దశాబ్దాల కిందటే చట్టాలు వచ్చాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక దాని కింద మిగిలిపోయిన నేలను ఎవరు పరీక్షించాలి, ఎవరి ఖర్చుతో బాగుచేయాలి అన్నదానికి మాత్రం అంతవరకూ దేశంలో స్పష్టమైన పద్ధతి లేదు. అప్పటికి గుర్తించిన కలుషిత ప్రదేశాలు 103 కాగా, శుద్ధి పని మొదలైంది 7 చోట్లే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా పరిశ్రమల చుట్టుపక్కల ఊళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: ఈ మట్టి వల్ల క్యాన్సర్ వస్తుందా?

## జాబితాలో ఉంటే ఎంత ప్రమాదం?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఆర్సెనిక్, కాడ్మియం, ఆరు వేలెన్సీ క్రోమియం, నికెల్ సమ్మేళనాలు, బెంజీన్, బెంజోపైరీన్, డయాక్సిన్, పీసీబీలు, లిండేన్ వంటి వాటిని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో పెట్టింది. సీసపు అకర్బన సమ్మేళనాలు, డీడీటీ గ్రూప్ 2ఏలో, అంటే బహుశా కలిగిస్తాయన్న వాటిలో ఉన్నాయి. పత్రికల్లో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ గ్రూపులు సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెబుతాయి, విషం ఎంత తీవ్రమైనదో చెప్పవు. గ్రూప్ 1లో ఉన్న రెండు పదార్థాల తీవ్రతలో వెయ్యి రెట్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు.

రూపం కూడా ముఖ్యమే. క్రోమియం మట్టిలో ప్రధానంగా రెండు రూపాల్లో ఉంటుంది. మూడు వేలెన్సీ క్రోమియం నీటిలో పెద్దగా కరగదు, కణాల్లోకి సులువుగా పోదు. ఆరు వేలెన్సీ క్రోమియం నీటితో పాటు కదులుతుంది, కణంలోకి దూరి అక్కడ రూపం మారుతూ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. దాని ధూళిని ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగినట్టు గట్టి ఆధారాలున్నాయి. కాబట్టి "మట్టిలో క్రోమియం కిలోకు 400 మిల్లీగ్రాములు" అని మొత్తంగా రాసిన రిపోర్టుతో క్యాన్సర్ విషయంలో ఏమీ తేల్చలేం.

ఆర్సెనిక్ దారి వేరు. అది నోటి ద్వారా వెళ్లినా చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కారణమవుతుంది. సీసం ఉన్న చోట మొదటి ఆందోళన క్యాన్సర్ గురించి కాదు, పిల్లల మెదడు ఎదుగుదల గురించి. ఆ ముప్పు చాలా తక్కువ మోతాదుకే మొదలవుతుంది.

## చేతులు, దుమ్ము, పంట, బావి

మట్టి ఒంట్లోకి ప్రధానంగా నాలుగు దారుల్లో చేరుతుంది. చేతికి అంటి నోట్లోకి పోయేది, దుమ్ముగా పీల్చేది, పంట ద్వారా వచ్చేది, భూగర్భ జలంలోకి దిగి బోరు నీటితో వచ్చేది. చర్మం గుండా వెళ్లేది లోహాల విషయంలో సాధారణంగా చాలా తక్కువ.

నేల మీద ఆడుకునే పిల్లల విషయంలో మొదటి దారే పెద్దది. చేతికి అంటేది గులకరాళ్లు కాదు, సన్నటి ధూళి. అందుకే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఈ రకం పరీక్షకు మట్టిని 150 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన పొడినే వాడమంటుంది. లోహాలు కూడా సన్నటి రేణువులకే ఎక్కువగా పట్టి ఉంటాయి. మామూలుగా 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టిలో పరీక్షిస్తే, పిల్లాడి వేళ్లకు అంటే ధూళిలో ఉన్నదానికన్నా తక్కువ అంకె వచ్చే అవకాశం ఉంది.

## ఒక లెక్క

నేల మీద కిలో మట్టికి 100 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుందాం. 15 కిలోల బరువున్న చిన్న పిల్లాడు రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టిని, అంటే చిటికెడు కన్నా తక్కువ, తెలియకుండా మింగుతాడని ఈపీఏ అంచనా పద్ధతి తీసుకుంటుంది. ఏడాదికి 350 రోజులు, ఆరేళ్ల పాటు.

రోజుకు లోపలికి వెళ్లే ఆర్సెనిక్ 0.02 మిల్లీగ్రాములు. మట్టిలో ఉన్నదంతా పేగులు పీల్చుకోవు. ప్రత్యేక పరీక్ష లేనప్పుడు, నీటిలో కరిగిన ఆర్సెనిక్‌తో పోలిస్తే 60 శాతం అందుతుందని తీసుకుంటారు. అంటే 0.012 మిల్లీగ్రాములు. కిలో శరీర బరువుకు 0.0008. క్యాన్సర్ ముప్పును 70 ఏళ్ల జీవితం మీద సగటు చేస్తారు కాబట్టి, 25,550 రోజుల్లో 2,100 రోజుల వాటా తీస్తే 0.000066 మిల్లీగ్రాములు. దీన్ని ఆర్సెనిక్ క్యాన్సర్ గుణకంతో, అంటే కిలో శరీర బరువుకు రోజూ ఒక మిల్లీగ్రాము చొప్పున చేరితే ముప్పు ఎంత పెరుగుతుందో చెప్పే అంకెతో హెచ్చించాలి. చాలా ఏళ్లుగా వాడిన గుణకం 1.5. జవాబు 0.0001, అంటే ఇలా పెరిగిన 10 వేల మందిలో ఒకరికి అదనంగా క్యాన్సర్ ముప్పు.

ఇదే నేల మీద 80 కిలోల పెద్ద మనిషి రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున 20 ఏళ్లు మింగితే వచ్చే ముప్పు పిల్లాడి ఆరేళ్ల ముప్పులో మూడో వంతు కూడా ఉండదు. జాగ్రత్తలన్నీ బడి ఆవరణ, అంగన్‌వాడీ, ఇంటి వాకిలి చుట్టూ తిరగడానికి కారణం ఇదే. మట్టి, సుద్ద తినే అలవాటున్న పిల్లలకూ గర్భిణులకూ ఈ లెక్క పనికిరాదు. వాళ్లు మింగేది మిల్లీగ్రాముల్లో కాదు, గ్రాముల్లో ఉంటుంది.

ఈ లెక్కలో రెండు అంకెలు ఫలితాన్ని తలకిందులు చేయగలవు. ఒకటి గుణకం. 2025 జనవరిలో ఈపీఏ ఆర్సెనిక్ గుణకాన్ని 1.5 నుంచి సుమారు 32కు పెంచింది. మట్టి మారలేదు, పిల్లాడు మారలేదు, ముప్పు మాత్రం 10 వేలలో 1 నుంచి దాదాపు 21కి చేరింది. రెండోది ఆ 60 శాతం. ఒక గ్రాము మట్టిని 100 మిల్లీలీటర్ల గ్లైసీన్ ద్రావణంలో, కడుపులోని ఆమ్లాన్ని పోలిన 1.5 పీహెచ్ దగ్గర, 37 డిగ్రీల వేడిలో గంటసేపు తిప్పి, ఎంత కరిగిందో చూసే పరీక్ష ఉంది. గనుల ఖనిజపు రేణువుల్లో బిగుసుకుపోయిన ఆర్సెనిక్ చాలాసార్లు ఇందులో కొద్దిగానే బయటికొస్తుంది. పది శాతమే కరిగితే ముప్పు ఆరో వంతుకు పడిపోతుంది. ఒకే అంకె ఉన్న రెండు ఊళ్ల మట్టిలో ఒకదాన్ని తవ్వి పారేయాల్సి రావచ్చు, రెండోదాని మీద గడ్డి పెంచితే సరిపోవచ్చు.

పరిమితుల్లో తేడాలు కూడా ఇలాగే వస్తాయి. అమెరికాలోని టకోమా నగరంలో 1985 దాకా రాగి కరిగించిన ఫ్యాక్టరీ పొగ వల్ల చుట్టూ నేలంతా ఆర్సెనిక్, సీసం పరుచుకున్నాయి. అక్కడ ఈపీఏ ఇళ్ల మట్టిని తవ్వి తీయడానికి పెట్టుకున్న గీత కిలోకు 230 మిల్లీగ్రాముల ఆర్సెనిక్. అదే రాష్ట్ర ప్రభుత్వపు శుద్ధి ప్రమాణం 20. మొదటిది పని మొదలుపెట్టాల్సిన స్థాయి, రెండోది సహజంగా మట్టిలో ఉండే స్థాయిని చూసి పెట్టినది. కెనడా మార్గదర్శకం 12. "పరిమితికి పది రెట్లు" అని చదివినప్పుడు ఏ పరిమితి అని అడగక తప్పదు.

## కేసులు లెక్కపెడితే ఎందుకు తేలదు

ఊరిలో క్యాన్సర్ కేసులు పెరిగాయా అని సర్వే చేయమనడం సహజమైన కోరికే. అయితే అంకెలు సహకరించవు. దేశంలో ఏటా లక్ష మందికి సుమారు 100 కొత్త క్యాన్సర్ కేసులు నమోదవుతాయి. 2,000 జనాభా ఉన్న ఊరిలో పదేళ్లకు 20 కేసులు మామూలుగానే రావాలి. కేవలం కాకతాళీయంగా అది 12 కావచ్చు, 29 కావచ్చు. 25 కేసులు కనిపిస్తే కాలుష్యం వల్ల అయిదు పెరిగాయో, యాదృచ్ఛికమో చెప్పలేం. పై లెక్కలోని 10 వేలలో ఒకరి ముప్పు ఈ ఊరికి వర్తిస్తే ఒక జీవితకాలంలో అదనపు కేసులు 0.2. ఇది ఏ సర్వేకూ దొరకదు.

పైగా కాలం. చిలీలోని ఆంటోఫగస్టాలో 1958 నుంచి 1970 వరకు లీటరుకు దాదాపు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీళ్లు సరఫరా అయ్యాయి. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 10. శుద్ధి ప్లాంటు వచ్చి మోతాదు తగ్గిన తర్వాత కూడా ఊపిరితిత్తులు, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు పెరుగుతూ పోయాయి, ముప్పు దశాబ్దాల పాటు మిగిలింది. ఇది నీటి ద్వారా జరిగినదే అయినా ఆర్సెనిక్ ఎంత ఆలస్యంగా బయటపడుతుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ఈలోగా జనం వలస పోతారు, కొత్తవాళ్లు వస్తారు. పొగాకు, గుట్కా, వృత్తి ధూళి ప్రభావాన్ని విడదీయడం మరో చిక్కు. అందుకే కేసులు కనపడలేదన్న సర్వే నేల సురక్షితమన్న సర్టిఫికెట్ కాదు.

మనుషుల్లో కొలవాల్సింది ముందు మోతాదు. మూత్రంలో ఆర్సెనిక్ గత రెండు మూడు రోజుల సంగతి చెబుతుంది, గోళ్లు కొన్ని నెలల సంగతి చెబుతాయి. పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందు నుంచి చేపలు, రొయ్యలు మానకపోతే వాటిలోని దాదాపు హానిలేని ఆర్సెనిక్ కూడా కలిసి అంకె పెరిగిపోతుంది. కోస్తా జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. క్రోమియాన్ని కొలవడానికి రక్తంలోని ప్లాస్మా కన్నా ఎర్ర రక్తకణాలు మేలు. ఆరు వేలెన్సీ రూపమే వాటిలోకి దూరుతుంది, కణం బతికే 120 రోజులూ అక్కడే ఉంటుంది.

## నమూనా తీయడంలోనే సగం తప్పులు

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతాల మట్టిని విశ్లేషించి, భారలోహాలు మామూలు కన్నా ఎక్కువగా ఉన్నట్టు ప్రచురించారు. పటాన్‌చెరు వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీర వైపు సాగిన తీరు చూస్తే నమూనాలు ఎక్కడ తీయాలో అర్థమవుతుంది: వాగు వెంబడి, పొలాల్లో నీళ్లు పారే తూముల దగ్గర, గాలి వీచే దిశలో, వీటన్నిటికీ దూరంగా పోలిక కోసం మరో చోట. ఆ పోలిక నమూనా లేకపోతే సహజంగా ఉన్నదెంతో, ఫ్యాక్టరీ కలిపినదెంతో విడదీయలేం.

ఒకే గుంట నుంచి తీసిన గుప్పెడు మట్టికి విలువ తక్కువ. ఒక వాకిలిని గానీ మడిని గానీ ఒక యూనిట్‌గా తీసుకుని, సమాన దూరాల్లో 30 చోట్ల కొద్దికొద్దిగా తీసి కలపాలి. ఆటస్థలంలో పైన రెండు మూడు సెంటీమీటర్లు చాలు. పంట నేలలో 15 సెంటీమీటర్ల దాకా తీయాలి. జింకు పూత ఉన్న పారతో తీస్తే జింకు, కాడ్మియం, క్రోమ్ పూత ఉన్న పనిముట్లతో క్రోమియం మట్టిలో కలుస్తాయి. లోహాల నమూనాలు శుభ్రమైన ప్లాస్టిక్ సంచుల్లో, పురుగుమందుల నమూనాలు గాజు సీసాల్లో ఐస్ మీద పంపాలి. బెంజీన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలను ఆరబెట్టినా, జల్లెడ పట్టినా ల్యాబ్‌కు చేరేసరికి ఏమీ మిగలదు.

ఎక్స్‌రేలతో లోహాలను గుర్తించే, చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నిమిషంలో అంకె చూపిస్తుంది కాబట్టి దానికి గిరాకీ పెరిగింది. తొలి జల్లెడకు అది మంచి పరికరమే. కానీ సీసం, ఆర్సెనిక్‌ల ప్రధాన ఎక్స్‌రే గీతలు దాదాపు ఒకే చోట, 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడతాయి. సీసం బాగా ఉన్న మట్టిలో చూపించే ఆర్సెనిక్ అంకెను ల్యాబ్‌లో ఐసీపీ-ఎంఎస్ అనే, మూలకాలను కచ్చితంగా కొలిచే యంత్రంతో సరిచూడకుండా నమ్మకూడదు. తడి మట్టిలో అంకె తగ్గుతుంది. క్రోమియం రూపాలను అది విడదీయలేదు. దానికి మట్టిని క్షార ద్రావణంలో 90 నుంచి 95 డిగ్రీల దగ్గర గంటసేపు ఉడికించి, రంగు పరీక్ష చేయాలి. మామూలుగా మట్టిని యాసిడ్‌లో కరిగించే పద్ధతిలో ఆరు వేలెన్సీ రూపం మూడుగా మారిపోయి రిపోర్టు శుభ్రంగా వస్తుంది.

రైతుల దగ్గరున్న భూసార పరీక్ష కార్డు ఈ పనికి రాదు. దానిలోని 12 అంశాలు నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, పీహెచ్, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం అందులో లేవు.

## వరి మడిలో తిరకాసు

నీళ్లు నిలబెట్టిన మడిలో ఆక్సిజన్ అయిపోతుంది. ఆర్సెనిక్‌ను పట్టుకుని ఉన్న ఇనుప ఆక్సైడ్లు కరిగి దాన్ని వదిలేస్తాయి. అలా విడుదలైన ఆర్సెనిక్ రూపాన్ని వరి వేరు సిలికాగా పొరబడి లోపలికి లాగుతుంది. శ్రీ వరి పద్ధతిలో లాగా మడిని తడుపుతూ ఆరబెడుతూ ఉంటే గింజలో ఆర్సెనిక్ తగ్గుతుంది. అయితే ఆరినప్పుడు కాడ్మియం కదులుతుంది. రెండూ ఉన్న నేలలో ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది, కాబట్టి గింజ పరీక్ష లేకుండా సలహా ఇవ్వడం తొందరపాటు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రకారం తెల్ల బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ కిలోకు 0.2, ముడి బియ్యంలో 0.35 మిల్లీగ్రాములు, తెల్ల బియ్యంలో కాడ్మియం 0.4 దాటకూడదు.

వంటింట్లో పాత పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. బియ్యానికి ఆరు నుంచి పది రెట్ల నీళ్లు పోసి వండి గంజి వార్చేస్తే అకర్బన ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా పోతుంది. వండే నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే ఈ లాభం ఉండదు. బి విటమిన్లు కూడా గంజితో పోతాయి. ఆ గంజి తాగితే పోయిన ఆర్సెనిక్ తిరిగొస్తుంది.

ఆకుకూరలు కాడ్మియాన్ని సులువుగా లాగుతాయి. పాలకూర ఇందులో ముందుంటుంది. సీసం మాత్రం మొక్కలోకి పెద్దగా ఎక్కదు, ఆకు మీద మట్టిగా అంటి వస్తుంది. అందుకే సీసపు నేలలో పండిన ఆకుకూరను బాగా కడిగితే చాలావరకు పోతుంది, కాడ్మియం కడిగినా పోదు.

## ఒకదానికి మందు, మరోదానికి దారి

సున్నం వేసి పీహెచ్‌ను 6.5 నుంచి 7కు తెస్తే కాడ్మియం, సీసం బిగుసుకుంటాయి. ఆర్సెనిక్ మాత్రం పీహెచ్ పెరిగే కొద్దీ వదులవుతుంది. సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం సీసాన్ని కరగని ఖనిజంగా మారుస్తుంది. ఆ భాస్వరమే మట్టి రేణువుల మీద ఆర్సెనిక్ కూర్చున్న చోటును ఆక్రమించి దాన్ని నీటిలోకి నెడుతుంది. అన్ని లోహాలకూ ఒకే పొడి అమ్మేవాళ్ల మాట నమ్మకపోవడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

క్రోమియం కథ తమిళనాడులోని రాణిపేటలో కనిపిస్తుంది. అక్కడ మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిన వ్యర్థం సుమారు లక్షన్నర టన్నులు. వానలకు పసుపు నీరు ఊటగా వచ్చి పాలారు నది పరీవాహక నేలల్లోకి దిగుతుంది. ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుగా మార్చడానికి చవకైన మందు అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. రసాయన సమీకరణం ప్రకారం కిలో క్రోమియానికి 16 కిలోల అన్నభేది కావాలి, నేలలో ఇతర పదార్థాలు కూడా దాన్ని తినేస్తాయి కాబట్టి ఆచరణలో ఇంకా ఎక్కువ పడుతుంది. మామూలు మట్టిలో ఇది పనిచేస్తుంది. ఫ్యాక్టరీ వ్యర్థపు గుట్టల్లో పీహెచ్ 11, 12 ఉంటుంది, క్రోమియం గడ్డల లోపల ఇరుక్కుని మెల్లగా ఊరుతూ ఉంటుంది. మందు పైపొరతో చర్య జరిపి అయిపోతుంది, కొన్నాళ్లకు లోపలిది మళ్లీ బయటికొస్తుంది. పైగా అన్నభేదిలోని సల్ఫేటు ఆ సున్నపు వ్యర్థంతో కలిసి ఉబ్బే ఖనిజాన్ని తయారుచేసి పైన వేసిన కాంక్రీటును పగలగొట్టగలదు. ఇదే రకం వ్యర్థాన్ని లోతట్టు నేలలు నింపడానికి వాడిన అమెరికాలోని జెర్సీ సిటీ నేర్చుకున్న పాఠం ఇది. మట్టిలో మాంగనీస్ ఆక్సైడ్లు ఎక్కువగా ఉంటే మూడు వేలెన్సీ క్రోమియంలో కొంత తిరిగి ఆరుగా మారుతుంది కూడా.

ఆర్సెనిక్‌ను లాగే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ గురించి 2001 నుంచి చాలా రాశారు. అది నిజంగానే లాగుతుంది. కాకపోతే నేల బాగుపడటానికి ఏళ్లు పడుతుంది, కోసిన ఆకులను ప్రమాదకర వ్యర్థంగా చూడాలి, పశువులను మేయనివ్వకూడదు.

జనం ఉన్న చోట త్వరగా ఫలితమిచ్చేది దారి మూయడం. వాకిలి మీద జియోటెక్స్‌టైల్ అనే, నేల మీద పరిచే గట్టి గుడ్డ వేసి, పరీక్షించిన మంచి మట్టి 30 సెంటీమీటర్లు వేసి గడ్డి పెంచాలి. కింద రంగు గుడ్డ ఉంటే రేపు ఎవరైనా తవ్వినప్పుడు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. కూరగాయలకు ఎత్తు మడులు కట్టుకోవచ్చు. చెప్పులు గడప బయట వదలడం, పొడి చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవడం, పిల్లలకు అన్నానికి ముందు చేతులు కడగడం చిన్న పనులుగా కనిపిస్తాయి. పై లెక్కలో 200 మిల్లీగ్రాములు 50కి పడితే ముప్పు నాలుగో వంతవుతుంది.

## కొత్త నిబంధనలు చెప్పేది, చెప్పనిది

జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత ప్రదేశాలను నివేదించాలి. 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, మరో మూడు నెలల్లో సమగ్ర సర్వే జరగాలి. కాలుష్యం రుజువైతే ఆ చోటును ప్రకటించి రాకపోకలు కట్టడి చేయాలి. బాధ్యులను 90 రోజుల్లో గుర్తించి ఖర్చు వాళ్ల దగ్గరే రాబట్టాలి. వాళ్లు దొరక్కపోతే, కట్టలేకపోతే కేంద్ర, రాష్ట్రాలు పంచుకోవాలి. రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకం, సముద్రంలో చమురు, చెత్త డంపింగ్ యార్డులు వేరే చట్టాల కిందికి వస్తాయి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈ తలుపు తడితే తెరుచుకోకపోవచ్చు.

అనుమానం మొదట రావాల్సింది కింది స్థాయి నుంచే. గ్రామ పంచాయతీ వినతి పత్రంలో "మట్టి పాడైంది" అని రాయడం కన్నా సర్వే నంబర్, ఒకప్పుడు అక్కడ ఏం తయారయ్యేది, వ్యర్థం ఎటు పారేది, గుర్తింపు పొందిన ల్యాబ్ ఇచ్చిన రెండు మూడు ఫలితాలు జతచేస్తే పక్కన పెట్టడం కష్టమవుతుంది.

స్థలం కొనేవాళ్ల ఇబ్బంది వేరు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో రిజిస్ట్రేషన్ల చరిత్ర కనిపిస్తుంది, కాలుష్య చరిత్ర కనిపించదు. పాత పారిశ్రామిక వాడల పక్కన వెంచర్లు వేస్తున్న చోట పాత ఉపగ్రహ చిత్రాల్లో గుంటలు, వ్యర్థ జలాల మడుగులు, గుట్టలు ఉన్నాయేమో చూడాలి. ప్లాటును ఎత్తు చేయడానికి మట్టి ఎక్కడి నుంచి తెచ్చారో అడగాలి. లోతట్టు ప్లాట్లలో పైమట్టి ఒక చోటిది, అర మీటరు కింద మట్టి ఇంకో చోటిది కావచ్చు కాబట్టి నమూనా రెండు లోతుల్లోనూ తీయించాలి.